అసలు తయారీ సంవత్సరం

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఒకటే: “మేడం, ఇన్నేళ్లూ మీరు అసలేం చేశారు?” అడగడంలో తప్పులేదు. మా అమ్మ కూడా అదే అడిగేది. కువైట్‌లో ఉద్యోగం అంటే ఆవిడకి నర్సు తెలుసు, డ్రైవరు తెలుసు, నూనె బావి తెలుసు. కూతురు పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, ఒక గీత గీసి, మధ్యాహ్నం దాటాక ఇంటికొస్తుందంటే ఎలా నమ్ముతుంది?

నిజానికి నేను గీసింది ఒక్కటే గీత. ఇరవై ఆరేళ్లు అదే గీత. ప్రతి ఏడూ కుడివైపు ఒక వేలెడు పొడిగించేదాన్ని.

నా పేరు పద్మావతి. మాది అమలాపురం దగ్గర. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చదివి, పెళ్లయ్యాక మా ఆయన వెంట కువైట్ వెళ్లాను. ఆయన ఒక ఆస్పత్రిలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. నేను ప్రభుత్వానికి లెక్కలు కట్టి ఇచ్చే ఒక చిన్న సంస్థలో చేరాను. సంస్థ పేరు రాయను. ప్రమోషన్ల సంగతి కూడా రాయను, వచ్చినవి రెండే కాబట్టి. మిగతావి రాస్తాను. అలసిపోయాను కానీ మర్చిపోలేదు.

గీతలో ఏముంటుంది

ఒక దేశం ఏడాదిలో సంపాదించినదాంట్లో తిని అరిగించుకున్నది పక్కనపెట్టి, వచ్చే ఏళ్లకు మిగిలేదాన్ని మాత్రం ఒకచోట చేర్చాలి. రోడ్డు, ఇల్లు, వంతెన, క్రేను, సముద్రం నీళ్లలో ఉప్పు తీసే ప్లాంటు. పుస్తకాల్లో దీన్ని స్థిర మూలధన కల్పన అంటారు. మేం ఆఫీసులో పెట్టుబడి గీత అనేవాళ్లం.

చిన్న దేశంలో ఈ గీతతో కాపురం చేయడం కష్టం. పెద్ద దేశంలో ఒక విద్యుత్ కేంద్రం కడితే గీత కదిలినట్టు కూడా తెలియదు. ఇక్కడ ఒక్క కేంద్రానికి టర్బైన్లు దిగితే ఆ ఏడు గీత నిటారుగా లేస్తుంది, మరుసటి ఏడు దబ్బున పడుతుంది. వెంటనే పత్రికలవాళ్లు ఫోన్ చేసి పెట్టుబడులు కుప్పకూలాయట కదా అంటారు. ఏదీ కూలలేదు నాయనా, నిరుడు కొన్న టర్బైన్లే ఈ ఏడు మళ్లీ కొనరు కదా అని ఓపిగ్గా చెప్పాలి. ఈ ఫోన్లు ఎత్తీ ఎత్తీ నా ఓపిక సగం అరిగిపోయింది. ఒక్క ఏడాదిని చూపించి మాట్లాడేవాళ్లని నమ్మకండి. పదేళ్లు పక్కపక్కన పెట్టి చూడండి.

పదేళ్లు పక్కపక్కన పెడితే కనిపించేది ఇది. నూనె ధర పెరిగిన ఏడాదికో రెండేళ్లకో గీత నెమ్మదిగా లేస్తుంది. ధర పడినప్పుడు మాత్రం అంత ఆలస్యం ఉండదు. ముందుగా కోసేది కట్టడాలనే. జీతాలు కోస్తే జనం ఊరుకోరు, కట్టని వంతెన ఎవరినీ ఏమీ అనదు. నేను చేరినప్పుడు ఇదే తీరు, దిగిపోయినప్పుడూ ఇదే తీరు. మధ్యలో ఎన్ని ప్రణాళికలు వచ్చాయో, ఎన్ని రంగుల పుస్తకాలు అచ్చయ్యాయో నాకు గుర్తులేదు. అన్నీ మా బీరువాలోనే ఉన్నాయి.

మా ముదీర్

మా ముదీర్, అంటే మా పైఅధికారి, ఈజిప్టు మనిషి. పెద్ద చదువు, పెద్ద కళ్లద్దాలు. టీలో నాలుగు చెంచాల చక్కెర వేసుకుని, డాక్టరు వద్దన్నాడని ఐదో చెంచా మానేసేవాడు. నన్ను ‘ఉస్తాజా’ అని పిలిచేవాడు. టీచరమ్మా అని దాని అర్థం. గౌరవంగా అన్నాడో వెక్కిరింపుగా అన్నాడో నాకు చివరిదాకా తేలలేదు.

చేరిన మొదటి ఏడాది పత్రికలో ప్రకటన చూసి ఒక వంతెనను లెక్కలోకి ఎక్కించాను. ఆయన నన్ను కారెక్కించుకుని ఆ చోటుకి తీసుకెళ్లాడు. ఇసుక. ఇసుకలో ఒక బోర్డు, బోర్డు మీద వంతెన బొమ్మ.

“ఈ బోర్డును పెట్టుబడి కింద రాసుకో ఉస్తాజా. కనీసం ఇది కట్టారు” అన్నాడు.

ఆ పాఠం ఇరవై ఆరేళ్లు నాకు అన్నం పెట్టింది. దానికి ఆయనకు రుణపడి ఉన్నాను. కానీ ఆయనలో నాకు నచ్చనిది ఒకటుంది. తప్పు దొరికితే అప్పటికప్పుడు దిద్దనిచ్చేవాడు కాదు. పదేళ్లకోసారి మా లెక్క మొత్తాన్ని కొత్త ధరల్లోకి మార్చి తిరగరాస్తాం. అన్ని తప్పులనూ ఆ సందట్లో సర్దేయమనేవాడు. అప్పుడైతే ఎవరి తప్పో ఎవరికీ తెలియదు, ఎవరికీ నొప్పి కలగదు. నేనేమో చూసిన తప్పు చూసిన రోజే దిద్దాలనే రకం. ఆయన్ని మనసులో పిరికివాడు అనుకునేదాన్ని. ఒకటి రెండుసార్లు మా ఆయనతో పైకే అన్నాను.

రేవులో దిగని క్రేన్లు

ఒక మూడేళ్లపాటు గీతలో ఒక ముక్క నన్ను వేధించింది. కట్టడాల కంపెనీలు ప్రతి ఏడూ మా ఫారాల్లో ఏయే యంత్రాలు కొన్నామో నింపి పంపుతాయి. క్రేన్లు, బుల్డోజర్లు ఏటికేడు ఎక్కువ కొంటున్నామని రాస్తున్నాయి. కువైట్‌లో క్రేను తయారుచేసే ఫ్యాక్టరీ లేదు. కొన్న ప్రతిదీ ఎక్కడో ఒకచోట ఓడ దిగాలి. రేవు లెక్కల్లో మాత్రం దిగినవి పెరగలేదు. మరి ఈ క్రేన్లు ఆకాశంలోంచి ఊడిపడుతున్నాయా? తేడాని ‘సర్దుబాటు’ అని రాసి మూడేళ్లు నెట్టుకొచ్చాను. ఆ మాట రాసినప్పుడల్లా నాకు సిగ్గేసేది.

జవాబు మా ఇంటి మెట్ల మీదే దొరికింది.

మేం ఉండేది ఫర్వానియాలో, మూడో అంతస్తులో. కింద ఒక మలయాళీ బకాలా, చిన్న కిరాణా కొట్టు, దాని పక్కన నాలుగు మెట్లు. శుక్రవారం మధ్యాహ్నం ఆ మెట్ల మీద ఒక జంట వచ్చి కూర్చునేది. రాయచోటి వాళ్లు. ఖైరున్ మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పని చేసేది. ఖాదర్ అమ్ఘరాలో, పాత ఇనుము యార్డులో. వారానికి ఆ పూట ఒక్కటే ఇద్దరికీ కలిసి సెలవు. ఖాదర్ ఉండే గదిలో ఇంకో ఎనిమిది మంది ఉండేవాళ్లు, ఖైరున్ ఉండేది తను ‘మామా’ అని పిలిచే యజమానురాలి ఇంట్లో. కలిసి కూర్చోవడానికి వాళ్లకు ఈ మెట్లే దిక్కు. ఒకే దేశంలో తొమ్మిదేళ్లు కాపురం, అందులో ఒకే కప్పు కింద ఉన్నది సెలవుకి ఊరెళ్లిన రోజులే. రాయచోటిలో గోడలు లేచి శ్లాబు పడని ఇల్లొకటి ఉంది. దానికోసమే ఇదంతా.

ఒకసారి ఇఖామా, అంటే నివాస అనుమతి కాగితం, చదివి పెట్టమని ఖైరున్ నా దగ్గరికొచ్చింది. అప్పటినుంచి శుక్రవారం నేను కిందికి టీ తీసుకెళ్లడం, వాళ్లతో పాటు కాసేపు కూర్చోవడం అలవాటైంది. అలాంటి ఒక శుక్రవారం యథాలాపంగా అడిగాను.

“ఇంతకీ యార్డులో నువ్వేం చేస్తావు ఖాదర్?”

“పాత క్రేన్లను కొత్తవి చేస్తా మేడం.”

“రంగేస్తావా?”

“రంగొక్కటేనా? ఇంజను విప్పుతా, సామాన్లు మారుస్తా, వెల్డింగు చేస్తా. మళ్లా పదేండ్లు పని చేస్తాది. ఆ మింద రంగు. ఆ మింద ప్లేటు.”

“ప్లేటేంటి?”

“బండి నంబరూ, ఏ సమచ్చరం చేసినారో కొట్టి ఉంటాది కదా, ఆ ప్లేటు. నంబరు అదే ఉంచుతా, సమచ్చరం మాత్రం నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, చెప్పింది కొడతా.”

“ఈ మనిషికి నోట్లో నువ్వుగింజ నానదక్కా” అని ఖైరున్ అతని మోకాలి మీద కొట్టింది. “మీరు యాడా అనొద్దండి.”

నా చేతిలో టీ చల్లారిపోయింది. మూడేళ్లుగా వెతుకుతున్న క్రేన్లు నా ఎదురుగా మెట్ల మీద కూర్చుని ఉన్నాయి.

విషయం ఇదీ. టెండరు వేయాలంటే కంపెనీ దగ్గర ఇన్నేళ్ల లోపు యంత్రాలు ఉండాలని షరతు పెడతారు. ఒక యజమానికి మూడు పేర్లతో మూడు కంపెనీలు ఉంటాయి. మొదటి కంపెనీ క్రేను ముసలిదైతే అమ్ఘరాకి వచ్చి, ఒళ్లు బాగుచేయించుకుని, రంగేసుకుని, వయసు తగ్గించుకుని రెండో కంపెనీకి అమ్ముడవుతుంది. కొన్నేళ్లకు మూడోదానికి. ప్రతిసారీ కొన్న కంపెనీ మా ఫారంలో కొత్త యంత్రం అని రాస్తుంది. ఎడారిలో ఉన్నది ఒక్క క్రేను. నా గీతలో మూడు.

బిస్కెట్ డబ్బా

ఆ తర్వాతి శనివారం మా ఆయన్ని కారు తీయమన్నాను. ఎక్కడికంటే అమ్ఘరాకి అన్నాను. “శనివారం పూట ఆడాళ్లు బంగారం కొట్టుకెళ్తారు, నువ్వు పాతినుము కొట్టుకెళ్తావు” అని సణుగుతూనే తీసుకెళ్లారు.

యార్డులో ఆ పూట ఖాదర్ ఒక్కడే ఉన్నాడు. తలుపులు ఒకచోట, ఇంజన్లు ఒకచోట, టైర్లు కొండలా ఒకచోట. చేత్తో ముట్టుకుంటే కాలేంత వేడి ఇనుము. ఖాదర్ ఒక షెడ్డు వెనక్కి వెళ్లి బిస్కెట్ డబ్బా తెచ్చాడు. లోపల అతను ఊడదీసిన పాత ప్లేట్లు, అసలు తయారీ సంవత్సరాలతో సహా. పదకొండు ఉన్నాయి.

“పారెయ్యమన్యాడు కఫీల్. పారెయ్యబుద్ధి కాలా. పుట్టిన తేదీ కదా మేడం, ఎట్ల పారేస్తాం?”

నేను గబగబా నంబర్లు, సంవత్సరాలు రాసుకున్నాను. అతను నా ఫైలులో ఉన్న గీత కాగితం చూసి, అదేమిటని అడిగాడు. దేశం కట్టుకున్నదంతా ఇందులో ఉంటుందని చెప్పాను. చాలాసేపు చూశాడు.

“ఇందులో నా పని యాడుండాది మేడం?”

“నీ పని ఇందులోకి రాదు ఖాదర్. మరమ్మతులు మేం లెక్కపెట్టం.”

“అట్లనా” అన్నాడు, డబ్బా మూత పెడుతూ.

బయల్దేరుతుంటే కారు దాకా వచ్చి ఒక్కటే అడిగాడు. “నా పేరు యాడా రాయొద్దు మేడం. నన్ను పంపించేస్తే ఖైరున్ ఈడ ఒంటరిదైపోతాది.”

“మా పనిలో పేర్లుండవయ్యా, అంకెలే ఉంటాయి. నువ్వేం బెంగపెట్టుకోకు” అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఒక కాలమ్ ఎక్కువ

పిల్లలూ, ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. నా ఉద్యోగం మొత్తంలో చెప్పదగ్గది ఇదొక్కటే.

ఆఫీసుకెళ్లి పాత ఫారాలు తిరగేశాను. పెద్ద యంత్రాలకు నంబరు రాయమని మా ఫారంలోనే అడుగుతాం. అవే నంబర్లు వేరువేరు కంపెనీల ఫారాల్లో రెండేసి, మూడేసి సార్లు కనిపించాయి. దొంగ దొరకడానికి ఆ ఫారాలు చాలు. ఖాదర్ ప్లేట్లతో అసలు పనే లేదు. ఈ తనిఖీ మొదటి ఏడాదే చేసి ఉంటే నేను అమ్ఘరా మొహమే చూడనక్కర్లేదు.

కానీ నాకు అది సరిపోలేదు. నివేదికలో పట్టిక వేశాను: యంత్రం నంబరు, ఏయే ఏడు ఏ కంపెనీ కొన్నానని చెప్పింది, కంపెనీలు రాసిన తయారీ సంవత్సరం. పక్కన ఇంకో కాలమ్ గీసి పైన రాశాను: ‘అసలు తయారీ సంవత్సరం’. ఆ కాలమ్ నిండాక పట్టిక ఎంత అందంగా కనబడిందో! ఏ కంపెనీ నోరెత్తలేదిక అనుకుని మురిసిపోయాను.

పాత లెక్కలు సవరించే ముందు ఆ కాగితాన్ని సంబంధించిన కంపెనీలకు పంపి, అభ్యంతరాలుంటే చెప్పమని అడగడం మా దగ్గర రివాజు. పంపే ముందు మా ముదీర్ చదివి నన్ను పిలిచాడు.

“ఈ చివరి కాలమ్ తీసెయ్ ఉస్తాజా.”

“ఎందుకండీ? నిజమే కదా.”

“నిజమే. అందుకే తీసెయ్ అంటున్నాను. ఇది ఎలా తెలిసిందని వాళ్లు అడుగుతారు. నన్నూ నిన్నూ కాదు, వాళ్లకు అందే మనిషిని.”

“కాగితంలో ఎవరి పేరూ లేదు సార్. ఆధారం లేకుండా లెక్క ఎలా ఇవ్వమంటారు?”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ తప్పులు సర్దేయమనే పాట మొదలుపెడతాడని నేను బిగుసుకుని నిలబడ్డాను. ఆయన “యల్లా, నీ ఇష్టం” అని సంతకం పెట్టి ఇచ్చేశాడు. గెలిచాననుకున్నాను.

లెక్కల విషయంలో ఆయన సోమరి అని ఇప్పటికీ అంటాను. మనుషుల విషయంలో ఆయనకు తెలిసింది నాకు తెలియలేదు. సంతకం పెట్టకుండా ఉండాల్సింది కదా అని ఆయన మీద కోపం కూడా వచ్చింది చాన్నాళ్లు. అది నా తప్పు మోయలేక పడిన కోపమే.

ఖాదర్ లేని శుక్రవారం

కాగితం అందిన వారంలోనే కంపెనీ మనిషి యార్డుకు వెళ్లాడు. ఆ సంవత్సరాలు పాత ప్లేట్ల మీద తప్ప ఎక్కడా లేవు. పాత ప్లేట్లు ఊడదీసేది ఒక్క ఖాదరే. షెడ్డంతా వెతికారు. డబ్బా దొరకలేదు. నేను వెళ్లొచ్చిన మరుసటి శుక్రవారమే ఖాదర్ దాన్ని ఖైరున్‌కి ఇచ్చేశాడు. దొరికి ఉంటే, ప్లేట్లు మార్చింది తన చేతులే కాబట్టి, నేరం మొత్తం అతని మీదే పెట్టి జైలుకి పంపేవాళ్లు. దొరకలేదు గనక ఇఖామా రద్దు చేసి, మళ్లీ రాకుండా పేరు మీద కేసు వేసి, మూడో రోజు విమానం ఎక్కించారు. వారం మధ్యలో కావడంతో ఖైరున్‌కి మామా సెలవివ్వలేదు. ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్లోనే మాట్లాడుకున్నారు.

ఆ శుక్రవారం మెట్ల మీద ఖైరున్ ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన ఇంకో మనిషికి చోటు వదిలి కూర్చుంది.

“ఆయప్ప ల్యాడక్కా. పంపించేసినారు. కఫీల్ ఖలాస్ అన్యాడంట, అంతే.”

నేను టీ గ్లాసులు రెండూ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మూడోది తేలేదు. ఆ పొద్దున్నే కబురు బకాలా అబ్బాయి చెప్పాడు.

“ఎవరో చెప్పినారక్కా. తెలిసినోళ్లే ఎవరో చెప్పినారు.”

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. “టీ తాగు ఖైరున్” అన్నాను.

సవరించిన గీత ఆ ఏడాది అచ్చయింది. మధ్యలో ఒకచోట కొంచెం కిందికి దిగింది. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కనబడదు. ఒక్క పత్రికవాడూ ఫోన్ చేయలేదు. ఖైరున్ శ్లాబు కోసం ఉండిపోయింది. తర్వాత ఏడేళ్లు, ప్రతి శుక్రవారం, ఆవిడ మెట్ల మీద కూర్చునేది, నేను టీ తీసుకెళ్లేదాన్ని. కువైట్‌లో నాకు మీరు తప్ప ఎవరున్నారక్కా అనేది. ఆ మాట విన్నప్పుడల్లా గ్లాసుల వంక చూసేదాన్ని. తప్పు చూసిన రోజే దిద్దాలని ఆఫీసులో అందరికీ పాఠాలు చెప్పిన మనిషిని!

మరమ్మతు

చేసిన తప్పు ఒకటి కాదు, రెండు అని తెలియడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

మిష్రిఫ్‌లో ఖైరున్ వాళ్ల మామా ఇల్లు కూల్చి కొత్తగా కట్టడం మొదలుపెట్టారు. గట్టి ఇల్లు. పాతికేళ్లు కూడా నిండలేదు. అలాంటివి ఇక్కడ వీధికొకటి. పాత ఇల్లు పోయిన సంగతి ఎవరూ చూడని వేరే పట్టికలోకి పోతుంది, కొత్త ఇల్లు మాత్రం మొత్తం నా గీతలోకి వచ్చి కూర్చుంటుంది. ఖైరున్ చెబుతుంటే ఆ ఇల్లు ఏ ఏడాది లెక్కలో వస్తుందా అని నా బుర్ర ఎటో పోయింది. అప్పుడు తట్టింది. బాగున్న ఇల్లు కూల్చి కడితే పెట్టుబడి. పాడైన క్రేనును విప్పి మళ్లీ పదేళ్లు పనిచేసేట్టు చేస్తే?

అదీ పెట్టుబడే. యంత్రం ఆయుష్షు పెంచే పెద్ద మరమ్మతును లెక్కపెట్టాలని నియమం ఉంది. కొత్తగా కనిపెట్టింది కాదు, చదువుకున్న రోజుల నుంచీ నాకు నోటికొచ్చు. ఆ రోజు ఎండలో తొందరలో ఖాదర్‌కి తప్పు జవాబు చెప్పాను. తర్వాత సవరణలో ఆ క్రేన్లను తీసేస్తూ, వాటితో పాటు అతని పనినీ ఊడ్చేశాను. మనిషిని దేశంలోంచి పంపించేశారు, అతని పనిని గీతలోంచి నేను పంపించేశాను.

అప్పటికి మా ముదీర్ రిటైరై వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలోకి ఒక కువైటీ అమ్మాయి వచ్చింది, నా సగం వయసు. సంగతి చెబితే, ఎవరి మీదా నెపం లేకుండా, ఎవరి ఆనవాలూ లేకుండా రాసి తెమ్మంది. నేను నేర్చుకోవడానికి అంత ఖరీదు పెట్టిన పాఠం ఆ పిల్లకి పుట్టుకతో వచ్చినట్టుంది. ఫారంలో ఒక వరుస చేర్చాం: యంత్రం ఆయుష్షు పెంచిన మరమ్మతులు. కంపెనీలు ఇప్పటికీ దాన్ని సగం సగం నింపుతాయి. గీత పెన్సిలు ములుకంత పైకి లేచింది.

చివరి రెండు శుక్రవారాలు

రిటైరై ఇండియాకి వచ్చేయడానికి రెండు వారాలుందనగా, మెట్ల మీద ఖైరున్ పక్కన కూర్చుని చెప్పేశాను. “ఖాదర్ సంగతి బయటపడింది నా వల్లే ఖైరున్. పేరు రాయలేదు. కానీ ఆ ప్లేట్ల మీద సంవత్సరాలు రాశాను. రాయాల్సిన పని లేదు, అయినా రాశాను.”

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. కాసేపు రోడ్డు మీద పోయే బస్సుల వంక చూసింది. తర్వాత ఫోన్ తీసి రాయచోటికి చేసి, స్పీకరు పెట్టింది. ఖాదర్ ఇప్పుడక్కడ ట్రాక్టర్లు బాగుచేస్తున్నాడు. వెనక సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి.

“ఏమయ్యా, ఈ అక్క ఏందో చెప్తా ఉంది. ఆ కాయితం ఈమే రాసిందంట.”

సుత్తి ఆగింది. “నాకు తెలుసులే.”

“తెలుసా? ఎప్పుడు తెలుసు?”

“ఆ పొద్దే తెలుసు. కఫీల్ ఆ కాయితం నా మొగాన పట్టినాడు. ఆ సమచ్చరాలు నాకూ మేడంకూ తప్ప ఇంకెవరికి తెలుసు?”

“ఏడేండ్లుగా తెలిసీ నాకెందుకు చెప్పలా?”

“చెప్పింటే శుక్రవారం యాడికి పోయేదానివి?”

ఖైరున్ ఫోన్ కట్టేసింది. లేచి, నా వైపు చూడకుండా బస్‌స్టాపుకి నడిచింది. టీ మెట్టు మీదే ఉండిపోయింది. నేను మూడంతస్తులు ఎక్కి ఇంటికెళ్లి, మా ఆయన ఏమైందని అడిగితే చెప్పలేక, వంటింట్లో నిలబడి ఏడ్చాను.

తర్వాతి శుక్రవారం రాదనుకున్నాను. మా సామాన్లన్నీ కట్టేశాం. కిటికీలోంచి చూస్తే మెట్ల మీద ఉంది, ఒళ్లో బిస్కెట్ డబ్బాతో. దిగి వెళ్లాను.

“కొత్తింట్లో నాకిచ్చిన గది చిన్నదక్కా. పాత సామాన్లు కనబడితే మామా పారేస్తా ఉంది. ఇది ఆయప్పకు ఇయ్యండి.”

“తప్పకుండా. అమలాపురం వెళ్లగానే కొరియర్ చేసేస్తాను” అన్నాను.

“కొరియర్ వద్దు.” మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది. “మీరే పోయి ఇయ్యండి. ఆయప్ప మొగం చూసి ఇయ్యండి.”

సరేనన్నాను.

“ఈ పొద్దు టీ తేలేదా?” అంది.

కట్టేసిన పెట్టె విప్పి, గిన్నె తీసి టీ పెట్టుకొచ్చాను. తాగింది. తన బస్సు రాగానే వెళ్లిపోయింది.

మేం ఊరొచ్చి ఐదు నెలలైంది. డబ్బా నా బల్ల మీదే ఉంది. రాయచోటికి ఒక రైలు, ఒక బస్సు, అంతే. మొదట వానలన్నాను. తర్వాత మోకాలన్నాను. తర్వాత మా ఆయన జ్వరం. ఆఖరికి, కొత్తగా వచ్చే పిల్లల కోసం ఉద్యోగం గురించి నాలుగు మాటలు రాయాలి, అది పూర్తయ్యాక వెళ్తానన్నాను.

పిల్లలూ, మీకు చెప్పాల్సింది పైనే చెప్పేశాను, మళ్లీ చెప్పే ఓపిక లేదు. ఏ కాలమ్ గీసినా దాన్ని నింపడానికి ఏ మనిషి చేతులు పనిచేశాయో ఒకసారి చూసుకోండి. డబ్బాతో పాటు కొత్త గీత కాగితం కూడా పెట్టుకున్నాను. ఖాదర్ పని ఎక్కడుందో పెన్సిలుతో గుర్తు పెట్టాను. అతను అడగకపోవచ్చు.

రాయడం పూర్తయింది. టికెట్టు మా ఆయన నిన్ననే తీశారు, ఒక్కరికే.